మీ ముద్రను జనం ఎలా చదువుతున్నారో చూడండి: ఆస్ట్రేలియా చైనీస్ మెడిసిన్ అక్రెడిటేషన్ కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ సభ్యులకు నమస్కారం.

నేను మెల్‌బోర్న్‌లో ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న తెలుగువాణ్ణి. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. చైనా వైద్యం, అంటే ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చే వైద్యం), చైనా మూలికలు నేర్పే కోర్సులకు మీరు ఇచ్చే గుర్తింపు (అక్రెడిటేషన్) గురించి ఇక్కడి మా వాళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మోకాళ్ల నొప్పులకు ఆక్యుపంక్చర్ క్లినిక్‌కి తీసుకెళ్లేవాళ్లు, "రిజిస్ట్రేషన్ ఉంది, యూనివర్సిటీలో చదివాడు, ఇంక టెన్షన్ ఎందుకు" అంటారు. బీఏఎంఎస్ చదివి ఇక్కడికొచ్చి వేరే ఉద్యోగాలు చేసుకుంటున్న ఆయుర్వేద డాక్టర్లు, "చైనా వైద్యానికి ఇచ్చినప్పుడు మన వైద్యానికి ఎందుకివ్వరు" అంటారు. రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. ఒక కోర్సుకు గుర్తింపు వచ్చిందంటే అందులో నేర్పే వైద్యం పనిచేస్తుందని ఎవరో పెద్దవాళ్లు కూర్చుని తేల్చారని.

అలా ఎవరూ తేల్చలేదు. మీరు కూడా తేల్చామని ఎప్పుడూ చెప్పుకోలేదు. అసలు చట్టం మిమ్మల్ని ఆ ప్రశ్నే అడగలేదు.

మీ అధికారానికి మూలమైన నేషనల్ లా, అంటే ఆస్ట్రేలియాలో ఆరోగ్య వృత్తుల నియంత్రణ చట్టం ప్రకారం అక్రెడిటేషన్ ప్రమాణం పని ఏమిటంటే, కోర్సు పూర్తి చేసినవాడికి ఆస్ట్రేలియాలో ఆ వృత్తి చేయడానికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం, వృత్తి లక్షణాలు వస్తాయా లేదా అని చూడటం. ఈ నిర్వచనం డాక్టర్లకూ అదే, దంతవైద్యులకూ అదే, మీకూ అదే. డాక్టర్ల విషయంలో దానితో పేచీ లేదు. అక్కడ ఒక మందు పనిచేస్తుందా అనే విచారణ ఇంకెక్కడో ఏళ్ల తరబడి జరిగి, దాని ఫలితం పాఠ్యపుస్తకంలోకి వస్తుంది. మీ దగ్గర ఆ విచారణ చాలావరకు జరగనే లేదు. జరిగినచోట వచ్చిన ఫలితాలు పాఠంలోకి వచ్చి తీరాలన్న నియమం లేదు. వృత్తి అంటే ఏమిటో ఆ వృత్తిలోని వాళ్లే చెబుతారు. దానికి కావలసిన జ్ఞానం ఏదో వాళ్లే చెబుతారు. ఆ జ్ఞానాన్ని కోర్సు నేర్పుతోందో లేదో మీరు చూస్తారు. ఈ చక్రంలో ఎక్కడా "ఇది నిజమేనా" అని అడిగే మనిషి కనిపించడు.

మిమ్మల్ని తప్పుపట్టే ముందు ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో చెప్పాలి, లేకపోతే మా పాఠకులకు మీ పట్ల అన్యాయం చేసినట్టవుతుంది. 1990లలో విక్టోరియాలో ఎవరు పడితే వాళ్లు సూదులు గుచ్చవచ్చు, ఎవరు పడితే వాళ్లు మూలికలు పొట్లాలు కట్టి ఇవ్వవచ్చు. ప్రభుత్వం చేయించిన సమీక్షలో ఊపిరితిత్తులకు సూది తగలడం దగ్గర్నుంచి విష మూలికల దాకా ప్రమాదాలు బయటపడ్డాయి. 2000లో విక్టోరియా రాష్ట్రం చైనీస్ మెడిసిన్ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి చట్టం అదే మొదటిదంటారు. 2012 జూలై 1న దేశమంతటికీ రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆక్యుపంక్చర్ చేసేవాళ్లు, మూలికా వైద్యులు, మూలికలు కలిపి ఇచ్చేవాళ్లు అని విభాగాలు పెట్టారు. వాళ్లను తయారుచేసే కోర్సులను చూసే బాధ్యత మీకు వచ్చింది. ఆర్ఎంఐటీ, యూటీఎస్, వెస్టర్న్ సిడ్నీ లాంటి యూనివర్సిటీలు ఈ కోర్సులు నడిపాయి. శరీర నిర్మాణం, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం, ఏ లక్షణం కనబడితే రోగిని వెంటనే ఆస్పత్రికి పంపాలో తెలుసుకోవడం, ఇవన్నీ ఆ కోర్సుల్లోకి వచ్చాయి. ఇదంతా మంచి పనే. సూది గుచ్చే చెయ్యి శుభ్రంగా ఉండాలని, ఆ సూది ఎంత లోతు వెళ్తే ప్రమాదమో తెలియాలని కోరుకోనివాడెవడు?

కాబట్టి నేను కోర్సులు మూసేయమని అడగడం లేదు. ఆ డిమాండు మీకు కొత్త కాదు. 2011 చివర్లో ఫ్రెండ్స్ ఆఫ్ సైన్స్ ఇన్ మెడిసిన్ పేరుతో జాన్ డ్వయర్, లొరెట్టా మారన్ వంటివాళ్లు ఒక బృందంగా ఏర్పడి, ఆధారాల్లేని వైద్యాల్ని సైన్సు డిగ్రీలుగా నేర్పవద్దని యూనివర్సిటీల వైస్ చాన్సలర్లకు రాశారు. వందల మంది డాక్టర్లు, శాస్త్రవేత్తలు వాళ్ల వెంట నిలిచారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ కోర్సు మూస్తే క్లినిక్ మూతపడదు. మెల్‌బోర్న్ శివార్లలో బాక్స్ హిల్‌లోనో స్ప్రింగ్‌వేల్‌లోనో మూలికల దుకాణం అలాగే ఉంటుంది, అక్కడ కూర్చునేవాడికి చదువు మాత్రం తగ్గుతుంది. మా ఊళ్లలో ఆర్ఎంపీ డాక్టర్లను చూస్తూ పెరిగినవాణ్ణి, చదువు లేని వైద్యం ఎలా ఉంటుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

నేను అడిగేది వేరు. కోర్సులో ఏం నేర్పుతున్నారో చూసేటప్పుడు, ఆ వైద్యానికి ఎదురు తిరిగిన ఆధారాలను కూడా నేర్పుతున్నారా అని చూడండి. ఎందుకంటున్నానో రెండు ఉదాహరణలతో చెబుతాను.

జర్మనీలో దీర్ఘకాలపు నడుమునొప్పి మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. 1,162 మంది రోగులు. కొందరికి చైనా సంప్రదాయం చెప్పిన బిందువుల్లో, చెప్పినంత లోతున సూదులు గుచ్చారు. కొందరికి ఆ బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చారు. వాటిని ఉత్తుత్తి సూదులు అనుకోండి. మూడో గుంపుకు మామూలు చికిత్స, అంటే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే అసలు సూదుల గుంపులో 47.6 శాతం మందికి, ఉత్తుత్తి సూదుల గుంపులో 44.2 శాతం మందికి, మామూలు చికిత్స గుంపులో 27.4 శాతం మందికి గుణం కనిపించింది.

ఈ అంకెల్ని ఆక్యుపంక్చర్ అభిమానులు పట్టుకుంటారు, విమర్శకులూ పట్టుకుంటారు. సూదులు మామూలు చికిత్సను ఓడించాయన్నది నిజమే. నడుమునొప్పికి మా ఆస్పత్రుల్లో ఇచ్చే చికిత్స ఎంత పేలవమో కూడా అందులోనే ఉంది, అది నేను ఒప్పుకోవాల్సిన సంగతి. కానీ మొదటి రెండు అంకెల మధ్య తేడా చూడండి. సూది సరైన బిందువులో పడిందా, పక్కన పడిందా అన్నది దాదాపుగా లెక్కలోకి రాలేదు. రోగికి తేడా తెచ్చింది సూది గుచ్చే తతంగమో, పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడే మనిషో, నయమవుతుందన్న ఆశో, చర్మానికి తగిలిన ఏదో ఒక పోటో. బిందువు మాత్రం కాదు.

మీరు ఆమోదించే కోర్సులో విద్యార్థి ఏం చదువుతాడు? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా ఒప్పుకున్న జాబితా ప్రకారం 361 బిందువులు. అవి ఏ నాడీమార్గం మీద ఉంటాయి, మోచేతి మడత నుంచి ఎన్ని వేళ్ల దూరంలో ఉంటాయి, ఏ రోగానికి ఏది, ఏది దేనితో కలపాలి. సంవత్సరాల తరబడి బట్టీ, మనిషి ఒంటి మీద గుర్తులు పెట్టి చూపించే ప్రాక్టికల్ పరీక్షలు. జర్మనీ ఫలితం నిజమైతే ఆ పరీక్షలకు అర్థం ఏమిటి? ఈ ప్రశ్న విద్యార్థే అడగాలి, మాస్టారు జవాబు చెప్పలేక ఇబ్బంది పడాలి, తరగతిలో గంటసేపు వాదన జరగాలి. యూనివర్సిటీ అంటే అదే కదా. "పరిశోధనా పద్ధతులు" అని ఒక సబ్జెక్టు పెట్టి, అందులో ఎక్కడో ఒక స్లైడులో ఈ పరీక్షను పెట్టేసి, పక్క గదిలో 361 బిందువుల పాఠం ఏమీ జరగనట్టు నడిస్తే మీ ప్రమాణాల కాగితం మీద టిక్కు పడుతుంది. విద్యార్థి మాత్రం రెండింటినీ రెండు జేబుల్లో పెట్టుకుని బయటికొస్తాడు.

రెండో సంగతి ఇంకా బరువైనది. మూలికలు.

1990ల మొదట్లో బెల్జియంలో బ్రస్సెల్స్ నగరంలోని ఒక క్లినిక్‌లో లావు తగ్గడానికి ఇచ్చే గుళికల్లో చైనా మూలికలు కలిపారు. స్టెఫానియా టెట్రాండ్రా అనే వేరు వెయ్యాలి. చైనాలో ఆ వేరునూ, అరిస్టొలోకియా జాతికి చెందిన మరో వేరునూ దగ్గర దగ్గర పేర్లతో పిలుస్తారు. అసలుదాని బదులు రెండోది వచ్చి పడింది. వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పలేదు. కథ అక్కడితో ఆగలేదు. పాడైపోయిన కిడ్నీలను ముందుజాగ్రత్తగా తీసేసిన 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది. ఆ మొక్కలో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి వర్గంలో చేర్చింది. మా తెలుగు పాఠకులకు ఒక మాట: పాముకాటుకు నాటువైద్యులు వాడే ఈశ్వరి వేరు ఈ జాతి మొక్కదే.

ఈ కేసు మీ కోర్సుల్లో ఎలా చెబుతారో నేను ఊహించగలను. "చదువుకోని వాళ్ల చేతిలో పడితే ఇలా అవుతుంది, ఆ క్లినిక్ వాళ్లకు చైనా వైద్యం రాదు, మూలికను సరిగ్గా గుర్తించడం రావాలి" అని. అది సగం నిజం. మిగతా సగం తైవాన్‌లో ఉంది. అక్కడ చైనా వైద్యులకు చదువుంది, లైసెన్సు ఉంది, వాళ్లు రాసే మందులకు జాతీయ ఆరోగ్య బీమా డబ్బు కడుతుంది. ఆ బీమా రికార్డులు తవ్వితే 1997 నుంచి 2003 దాకా జనాభాలో దాదాపు మూడో వంతు మందికి అరిస్టొలోకిక్ ఆమ్లం ఉండే అవకాశమున్న మందులు రాసినట్టు తేలింది. పొరపాటున కాదు, పుస్తకం ప్రకారమే. 2003లో ఆ మూలికల్ని నిషేధించే దాకా అలా రాస్తూనే ఉన్నారు. గుర్తింపు ఉన్న చదువు, లైసెన్సున్న వైద్యుడు, సర్కారు బీమా. మూడూ ఉన్నా ఆ ప్రమాదం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? "తాతల కాలం నుంచి వాడుతున్నాం, చెడు చేస్తే తెలిసేది కాదా" అన్న మాట వల్ల. ఈ మాట మా వైపూ రోజూ వింటాం. మందు మింగిన గంటలో వాంతి అయితే తాతలకు తెలుస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్ వస్తే, అది ఎప్పుడో మింగిన కషాయం వల్ల వచ్చిందని ఏ తాతకు తెలుస్తుంది? రెండు వేల ఏళ్ల అనుభవానికి కనపడని హాని అది. దాన్ని కనిపెట్టడానికి ల్యాబు, రికార్డులు, లెక్కలు కావాల్సి వచ్చాయి. అరిస్టొలోకియా ఇప్పుడు ఆస్ట్రేలియాలో నిషేధం, కాబట్టి ఆ పాఠం అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ మొక్క ఒక్కటే పోయింది, అనుభవమే ఆధారం అనే పద్ధతి పోలేదు. మిగతా వందల మూలికల గురించి మీ విద్యార్థి ఇదే అనుమానంతో చూడటం నేర్చుకున్నాడా అన్నది నేను అడుగుతున్న ప్రశ్న.

నా పనిలో ఇది పుస్తకాల గొడవ కాదు. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో పెద్దావిడ గుండె జబ్బుకు, రక్తం గడ్డకట్టకుండా ఉంచే వార్ఫరిన్ మందు వాడుతున్నారు. నీరసంగా ఉందని ఒక క్లినిక్ నుంచి మూలికల పొట్లాలు తెచ్చుకున్నారు. లేబులు మీద ఇంగ్లీషు ముక్క లేదు. మూలికల మందు మీద ఏం రాయాలో రిజిస్ట్రేషన్ ఇచ్చే మీ చైనీస్ మెడిసిన్ బోర్డే మార్గదర్శకాలు ఇచ్చింది, అయినా లేదు. కొద్ది రోజులకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) బాగా పెరిగింది, చిగుళ్ల నుంచి రక్తం. పొట్లంలో దాన్ షెన్ వేరు ఉందని తర్వాత తెలిసింది. వార్ఫరిన్‌తో దాన్ షెన్ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందని ఫార్మసీ పుస్తకాల్లో ఏనాటి నుంచో ఉంది. ఆవిడ బాగానే కోలుకున్నారు. పొట్లం ఇచ్చిన మనిషికి డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ఆవిడ ఏ మందులు వాడుతున్నారని మాత్రం అడగలేదు.

ఇక పొట్లంలో ఉన్నది లేబులు మీద రాసినదేనా అన్నది మరో తలనొప్పి. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు ఇక్కడి మార్కెట్‌లో దొరికే 26 చైనా మందుల్ని డీఎన్ఏ, రసాయన పరీక్షలకు పెట్టి 2015లో ఫలితాలు ప్రకటించారు. పదింట తొమ్మిదికి పైగా మందుల్లో ఏదో ఒక కల్తీ, లేదా ఒకటి బదులు ఇంకొకటి ఉన్నట్టు తేలింది. ఒకదాంట్లో మంచు చిరుత డీఎన్ఏ కూడా దొరికింది. కోర్సు నడిపేవాళ్లు దీనికి బాధ్యులు కారు. కానీ రేపు అదే మందు రాసి ఇచ్చేవాడు ఈ సంగతి తెలుసుకోకుండా డిగ్రీ తీసుకోకూడదు.

ఈ మాటలు ఎప్పుడు అన్నా ఎదురుగా ఒక పేరు వస్తుంది: తూ యోయో. 2015లో నోబెల్ బహుమతి. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ రాసిన వైద్యగ్రంథం చదివి మలేరియాకు ఆర్టెమిసినిన్ కనిపెట్టింది, చైనా వైద్యం గొప్పతనానికి ఇంతకంటే రుజువేం కావాలి అంటారు. ఆవిడ పని అంటే నాకు చాలా గౌరవం, మలేరియాతో చనిపోయినవాళ్లను చూసిన ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి. అందుకే ఆ కథ మొత్తం చెప్పాలంటాను. మలేరియా మందు కోసం చైనాలో 1967లో మొదలైన రహస్య ప్రాజెక్టులో ఆవిడ బృందం పాత గ్రంథాల నుంచి దాదాపు 2,000 మందుల వివరాలు వడగట్టింది. సుమారు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చాలావరకు పనిచేయలేదు. చింగ్‌హావ్ మొక్క (ఆర్టెమిసినిన్ దొరికింది దీన్నుంచే) కూడా మొదట సరిగ్గా పనిచేయలేదు. ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమని గె హోంగ్ రాసిన వాక్యం చూసి, వేడి చేస్తే మందు పాడవుతోందేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. తక్కువ వేడిలో ఈథర్‌తో తీశారు. తర్వాత ఆ మందు తమ ఒంటి మీదే వేసుకుని చూశారు, రోగులకు ఇచ్చి చూశారు, అందులోని పదార్థాన్ని విడదీశారు.

గ్రంథం దారి చూపింది, నిజమే. కానీ ఆవిడ గ్రంథాన్ని నమ్మలేదు, పరీక్షకు పెట్టింది. పనిచేయనివి పనిచేయలేదని రాసుకుంది. మీ కోర్సుల్లో విద్యార్థికి ఇచ్చేది ఆవిడ పక్కనపెట్టిన ఆ పెద్ద జాబితానా, దాన్ని వడగట్టడానికి ఆవిడ వాడిన పద్ధతా? తూ యోయో ఫోటో బ్రోషర్ మీద వేసుకునే హక్కు రెండోది నేర్పే కోర్సుకే ఉంది.

బ్రిటన్‌లో ఇదంతా ఒకసారి జరిగిపోయింది కాబట్టి దాన్నుంచి ఒక్క సంగతే తీసుకుంటాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఫార్మకాలజిస్టు డేవిడ్ కాల్‌హూన్ 2007లో నేచర్ పత్రికలో, సైన్సు లేని సైన్సు డిగ్రీల గురించి రాశారు. అమెథిస్ట్ రాళ్ల నుంచి యిన్ శక్తి వెలువడుతుందని బీఎస్సీ విద్యార్థులకు నేర్పుతున్నారని తర్వాత బయటపెట్టారు. (మా టీవీల్లో పొద్దున్నే రంగురాళ్లు అమ్మేవాళ్లకు ఈ విషయం తెలియకపోవడం మంచిదైంది, వాళ్లూ డిగ్రీ పెట్టేవాళ్లు.) అసలు పోరాటం పాఠాల మీద కాదు, పాఠాలు చూపించడం మీద జరిగింది. సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీ హోమియోపతి బీఎస్సీలో ఏం బోధిస్తున్నారో చూపించమని ఆయన సమాచార హక్కు కింద 2006లో అడిగితే, ఇవ్వాల్సిందేనని ట్రైబ్యునల్ 2009 డిసెంబరులో చెప్పింది. ఒక ప్రభుత్వ యూనివర్సిటీ తన డిగ్రీలో ఏం నేర్పుతుందో చూపించడానికి అన్నేళ్లు పట్టింది.

ఇక్కడ ఆ పరిస్థితి రాకుండా చేయడం మీ చేతిలో ఉంది. ఆమోదించిన కోర్సుల జాబితా చూసినవాడికి కోర్సు పేరు, కాలేజీ పేరు తెలుస్తాయి. ఏ పాఠాలు చూసి ఆమోదించారు, ఏ లోపాలు దొరికాయి, వాటికి కాలేజీ ఏం జవాబిచ్చింది, ఇవి కూడా మామూలు మనిషి చదవగలిగేలా పెట్టండి. పాఠ్యాంశాలు, చదవమని ఇచ్చే పుస్తకాలు బయటపెట్టడం ఆమోదానికి షరతు చేయండి. కోర్సును పరిశీలించడానికి పంపే ప్రతి బృందంలోనూ వృత్తికి బయటివాళ్లు ఉండాలి. ఒక ఫార్మకాలజిస్టు, పరీక్షల లెక్కలు తెలిసిన ఒక గణాంకవేత్త ఉంటే చాలు, గదిలో ప్రశ్నలు మారిపోతాయి. మీది చిన్న వృత్తి. దేశం మొత్తం మీద రిజిస్టర్ అయినవాళ్లు సుమారు ఐదు వేలు. కోర్సు నడిపేవాళ్లు, కోర్సును చూసేవాళ్లు, కోర్సు పుస్తకాలు రాసినవాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు. ఇందులో ఎవరి నిజాయితీనీ నేను శంకించడం లేదు. పెళ్లిచూపులకు అబ్బాయి గుణగణాలు చెప్పడానికి అబ్బాయి మేనమామ ఒక్కడే వస్తే సరిపోదని అంటున్నాను, అంతే.

అన్నిటికంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. "ఒక కోర్సుకు అక్రెడిటేషన్ ఉందంటే అందులో బోధించే చికిత్సలు పనిచేస్తాయని ఈ కమిటీ నిర్ధారించినట్టు కాదు" అని ఆమోదించిన కోర్సుల జాబితా పైన ఒక వాక్యం పెట్టండి. ఈ వాక్యాన్ని కోర్సు బ్రోషర్లలోనూ వేయమనండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు చట్టం ప్రకారం నేరం, మీ వాళ్లను బోర్డు దానిమీద హెచ్చరిస్తూనే ఉంది. మరి గుర్తింపు అనే మాటే జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంటే?

ఆ మాట ఎంత దూరం వెళ్తుందో బీమా చూపిస్తుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి హోమియోపతి, నాచురోపతి, యోగా సహా 16 పద్ధతులకు ప్రైవేటు ఆరోగ్య బీమాలో ప్రభుత్వ రాయితీ తీసేశారు. కారణం, పనిచేస్తాయనడానికి సరైన ఆధారాలు లేవని. ఆక్యుపంక్చర్ ఆ జాబితాలో లేదు. మా వాళ్లు ఎక్స్‌ట్రాస్ కవర్ (ఆస్పత్రి బయటి చికిత్సలకు ఇచ్చే ప్రైవేటు బీమా) మీద క్లినిక్‌కి వెళ్లి, "గవర్నమెంటే ఒప్పుకుంది" అని వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం చేర్చినప్పుడూ ఇదే జరిగింది. లెక్కలు రాసుకోవడానికే గానీ పనిచేస్తుందని చెప్పడానికి కాదని ఆ సంస్థ అన్నది ఎవరికీ వినబడలేదు.

చివరగా మా ఆయుర్వేద డాక్టర్ల సంగతి. ఇది మీకూ వాళ్లకూ కలిపి రాస్తున్నాను. అన్నయ్యలూ, అక్కయ్యలూ, మీరు ఐదున్నరేళ్లు కష్టపడి చదివి ఇక్కడికొచ్చి ఆ చదువుకు విలువ లేక పడే బాధ నాకు తెలుసు. చైనా వైద్యానికి దొరికిన కుర్చీ పక్కనే మీకూ ఒక కుర్చీ వేయమని అడగడం సహజం. ఆ కుర్చీ అడిగే ముందు ఒక పని చేయండి. రసౌషధాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ గురించి వచ్చిన పరిశోధనలను మీరే ముందుకు తెచ్చి, మా పాఠ్యక్రమంలో ఇవి మొదటి సంవత్సరంలోనే ఉంటాయని చెప్పండి. అప్పుడు గుర్తింపు అడిగే నైతిక బలం చైనా వైద్యులకంటే మీకే ఎక్కువ ఉంటుంది. లేకపోతే మన జనం గుర్తింపును ఎలా చదువుతారో మనకు తెలియంది కాదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం వేల మంది ఎగబడ్డారు. నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. వాటితో కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదు, హాని మాత్రం కనపడలేదు, అని అప్పుడే చెప్పారు. ఊళ్లో వినబడింది "గవర్నమెంటు పర్మిషన్ ఇచ్చింది" అన్న ముక్క ఒక్కటే.

కమిటీ వారికి నా విన్నపం ఒకటి మిగిలింది. ఈసారి ఏ కోర్సయినా గుర్తింపు పొడిగించమని మీ ముందుకు వస్తే, జర్మనీ పరీక్ష అంకెల్ని వాళ్ల ముందు పెట్టి, 361 బిందువుల పాఠంలో వీటిని ఎక్కడ చెబుతున్నారని అడగండి. తైవాన్ సంగతి మూలికల పాఠంలో ఎక్కడుందో చూపించమనండి. వాళ్లు రాసిచ్చిన జవాబును అందరికీ కనబడేలా పెట్టండి. దాన్ని తెలుగులోకి మార్చి మా వాళ్లకు చేర్చే పని నేను చేస్తాను.

ఇట్లు,
మెల్‌బోర్న్ నుంచి ఒక తెలుగు ఫార్మసిస్టు